మీటరు తప్పు చూపితే కిరాయి ఎవరి నెత్తిన?

(శంషాబాద్ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మా ఊర్ల ఏడుగురం కలిసి నడుపుకునే పాత టాటా 407 సంగతి మీకు తెలుసు. కూరగాయలు బోయినపల్లి మార్కెట్‌కు తీసుకపోతది. కిరాయి కిలోమీటరుకు 30 రూపాయలు, మీటరు చూసి లెక్క. పాత గేరుబాక్సు అరిగిపోతే, ఇంకో బండిది ఐదు గేర్ల బాక్సు కొని వేయించినం. బండి మంచిగ లాగింది. మైలేజీ కూడా లీటరుకు 8 వస్తుందని సంబరపడ్డం.

కొత్తిమీర పంపే ఒక అక్క నోటు పుస్తకం తెచ్చింది. "అన్నా, పోయినేడు పోను రాను 61 కిలోమీటర్లు రాసుకున్న. ఇప్పుడు 70 అంటున్నరు. మార్కెట్ ఏమన్న జరిగిందా?" అన్నది. మా దగ్గర జవాబు లేదు.

మెకానిక్‌ను అడిగితే ఐదో గేరు వల్ల అన్నడు. అది కాదు. మీటరు కేబుల్ తిరిగేది గేర్ల దగ్గర కాదు, బాక్సు వెనుక, చక్రాలకు పోయే షాఫ్టు మీద. ఏ గేరులో ఉన్నా ఆ షాఫ్టు చక్రాలతోనే తిరుగుతది. దాని మీద ఒక మర గేరు, దానికి ఆనుకొని కేబుల్‌కు ఒక చిన్న పళ్ల చక్రం ఉంటయి. ఆ జత ఒక్కో బాక్సుకు ఒక్కో తీరు. మా మీటరు పాత బాక్సు లెక్కకు చేసింది, జత మాత్రం కొత్త బాక్సుది. హౌసింగ్‌లో క్రౌన్ మార్చినా, టైరు సైజు మార్చినా ఇట్లనే తేడా వస్తది. పెద్ద టైరు వేస్తే మీటరు తక్కువ చూపుతది. అది ఇంకా ప్రమాదం, స్పీడు ఎక్కువైనా మనకు తెలియదు.

ఎట్ల పట్టుకున్నం? టైర్లలో గాలి సరిచూసి, శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కి తుక్కుగూడ వైపు పోయినం. పక్కన కూర్చున్న పిల్లగాడు కిలోమీటరు బోర్డులు చూసి రాసిండు. బోర్డుల ప్రకారం 20 పోయేసరికి మీటరు 23 తిరిగింది. తర్వాత ముల్లు 60 మీద నిలకడగా పెట్టి, రెండు బోర్డుల మధ్య ఫోనులో సెకండ్లు లెక్కపెట్టినం. 60 రావాలి, 69 వచ్చినయి. 3600ను 69తో భాగిస్తే అసలు స్పీడు 52. ఔటర్ మీద 40కి తక్కువ పోవద్దని నిబంధన. మా ముల్లు 40 చూపినప్పుడు బండి 35లో ఉన్నట్టు!

దూరం, స్పీడు రెండూ ఒకే లెక్కన తప్పితే లోపం పళ్ల చక్రంలోనే. దూరం సరిగ్గా ఉండి ముల్లు ఒక్కటే తప్పితే మీటరు విప్పాలె. మా చక్రానికి 13 పళ్లు. 13ను 23తో హెచ్చవేసి 20తో భాగిస్తే దాదాపు 15. పళ్లు పెరిగితే కేబుల్ నెమ్మదిస్తది. ఆటోనగర్‌లో 15 పళ్లది వెతికి తెచ్చినం. పళ్లతో పాటు లావు కూడా మారుతది, అందుకే దాని బుష్‌తో సహా తీసుకోవాలె. మీ కొత్త బాక్సుకు కేబుల్ బదులు వైరు సెన్సారు ఉంటే ఈ చక్రం పని చేయదు, ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోవాలె. బిగించినంక మళ్లీ అదే 20 కిలోమీటర్లు నడిపి చూసినం, 20 వచ్చింది. ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు స్పీడోమీటరు కూడా చూస్తరు, అది వేరే.

ఇక డబ్బుల ముచ్చట. ట్రిప్పుకు 9 కిలోమీటర్లు, 270 రూపాయలు ఎక్కువ వసూలైంది. బాక్సు మార్చినంక 40 ట్రిప్పులు, అంటే 10,800. మైలేజీ కూడా 8 కాదు, 7 కూడా నిండలేదు. "తెలియక జరిగింది, వదిలేద్దాం" అన్నరు ఇద్దరు. నేను ఒప్పుకోలేదు. మార్కెట్ కాంటాలో రెండు కిలోలు తేడా వస్తే మనం ఊరుకుంటమా? బండి ఖాతాలో డబ్బు ఉంది. ఎవరి సరుకు ఎంత పోయిందో ఆ అక్క పుస్తకం, మా రసీదులు పక్కపక్కన పెట్టి లెక్క తీసినం. వచ్చే ట్రిప్పుల కిరాయిలో తగ్గించుకుంటూ ఇస్తున్నం. ఇప్పటికి సగం తీరింది.