దిగిన ఫోటో, తీసుకుపోయిన ఫోటో

(వేములపల్లిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్లు, పట్టాలు, గృహహింస గురించి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న సమావేశంలో ఫోటోల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త ఆశ్చర్యపోయారు. ఇదీ కూలి విషయమేనని వాళ్లకు చెప్పాను. హింస విషయం కూడా.

ఈ చుట్టుపక్కల నాట్లేసే ఆడవాళ్లతో మాట్లాడుతుంటే ఒక మాట పదే పదే వినపడింది. "మేం ఫోటో దిగలే, వాళ్లే తీస్కపోయిండ్రు." గమనించారా, మన భాషలో ఫోటో తీసేవాళ్లకు ఒక క్రియ ఉంది, ఫోటోలో ఉండేవాళ్లకు మరొకటి ఉంది. తీయడం కెమెరా పట్టుకున్నవాడి పని, దిగడం కెమెరా ముందున్న మనిషి పని. పెళ్లిళ్లలో దిగుతాం, జాతరలో దిగుతాం, బిడ్డ పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు దిగుతాం. దిగడమంటే చీర సర్దుకుని, పక్కన ఎవరు నిలబడాలో, ఎవరు నిలబడకూడదో మనమే తేల్చుకుని, సిద్ధమయ్యాక నిలబడటం. బురదలో నడుం వంచి ఉన్నప్పుడు గట్టు మీద నుంచి ఎవరో తీసిందాన్ని ఈ ఆడవాళ్లు తాము దిగిన ఫోటోగా లెక్కపెట్టరు. సమాజశాస్త్రంలో సమ్మతి గురించి బోలెడు పుస్తకాలున్నాయి. ఇంత తేటగా చెప్పిన పుస్తకం మాత్రం నాకు కనపడలేదు.

సాగర్ ఎడమ కాల్వ పారే ఈ ప్రాంతం కెమెరాకు చక్కని చోటు. 1967లో కాల్వలకు నీళ్లు వదిలాక మెట్ట చేలు వరి మళ్లయ్యాయి, మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు లేచాయి. నాట్ల కాలంలో ఫోటోలు తీసేవాళ్లు కూడా వస్తారు. ఎరువుల క్యాలెండరుకైనా, ప్రభుత్వ శాఖ కరపత్రానికైనా, మన స్వచ్ఛంద సంస్థ వార్షిక నివేదిక అట్టకైనా కావలసింది ఒకటే బొమ్మ: నారు కట్ట పట్టుకుని నవ్వుతున్న ఆడమనిషి. ఆ బొమ్మకు పేరుండదు. కింద 'మహిళా రైతు' అని ఉంటుంది. ఆమె పేరు మీద గుంట భూమి కూడా ఉండకపోవచ్చు.

ఆ బొమ్మ ఎలా తయారవుతుందో చూద్దాం. నాటు ఇక్కడ ఎక్కువగా గుత్త పని. ఆడవాళ్లు ముఠాగా కలిసి, ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని మడిలోకి దిగుతారు. ఎంత తొందరగా ముగిస్తే అంత తొందరగా ఇంకో మడి. అందులో ఒకామెను గట్టు మీదికి పిలిచి, "సూర్యుడి వైపు తిరుగమ్మా, కట్ట కొంచెం పైకెత్తు, నవ్వు, ఇంకొక్కసారి" అని అరగంట నిలబెడితే ఆమె వరుస ఖాళీ అవుతుంది. పక్కవాళ్లు ఆ వరుసను కూడా పట్టాలి. ఒకామె నాతో చెప్పింది: పొద్దంతా తనను 'హీరోయిన్' అని ఎగతాళి చేశారట, నవ్వుకున్నారట. సాయంత్రం పైసలు పంచుకునేటప్పుడు అదే ఎగతాళి తగవైంది. ఆ అరగంట ఎవరి లెక్కలో వేయాలి? ఫోటోగ్రాఫర్ అప్పటికే వెళ్లిపోయాడు. ఆ ఫోటోను ఆమె ఇంతవరకూ చూడలేదు.

పట్నాల్లో మోడలింగ్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలకూ, ఇంకా పేరు రాని ఫోటోగ్రాఫర్లకూ మధ్య ఒక ఒప్పందం నడుస్తుంది. ఎవరూ ఎవరికీ డబ్బివ్వరు. అమ్మాయి తన సమయం ఇస్తుంది, ఫోటోగ్రాఫర్ బదులుగా ప్రింట్లు ఇస్తాడు. ఇప్పుడైతే ప్రింట్ల బదులు ఫైళ్లు. అవి చూపించి ఇద్దరూ పని వెతుక్కుంటారు. వాటిని ఎక్కడ వాడుకోవచ్చో, ఎక్కడ వాడకూడదో కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. దీన్ని నేను ఆదర్శంగా చెప్పడం లేదు. ఇవ్వాల్సిన ప్రింట్లను పట్టుకుని బెదిరించడం, "ఇలా కూడా దిగితేనే ఇస్తా" అనడం, ఒంటరిగా దూరం తీసుకెళ్లడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అయినా ఆ ఒప్పందం ఒక సంగతి ఒప్పుకుంటుంది. కెమెరా ముందు నిలబడటం పని, ప్రింటు ఆ పనికి ప్రతిఫలం. పొలంలో నిలబెట్టిన మనిషి దగ్గరికి వచ్చేసరికి మనం ఈ సంగతే మర్చిపోతాం. అక్కడ నిలబడ్డామెను మోడల్ అంటాం, ఇక్కడ నిలబడ్డామెను లబ్ధిదారు అంటాం. లబ్ధి ఎవరికి చేరిందో చెప్పనక్కర లేదు.

ప్రింటుతో వాళ్లకేం పని అని ఒక సంస్థ ఉద్యోగి నన్నడిగాడు. ఏం పనో వాళ్ల ఇళ్లలో చూడాలి. చాలామంది ఆడవాళ్లకు సొంతంగా ఉన్న ఫోటోలంటే ఆధార్ మీదిది, జాబ్ కార్డు మీదిది. అన్నీ ప్రభుత్వం గుర్తుపట్టడానికి తీసినవే. మనిషి పోయాక ఆధార్ మీది ముఖాన్నే స్టూడియోలో పెద్దది చేయిస్తారు. స్టూడియోవాళ్లు దానికి పట్టుచీర, నగలు అతికించి ఫ్రేము కట్టిస్తారు. బతికినన్నాళ్లూ కట్టని చీర అది. ఒక ముసలామె నాతో అంది: "నేను పోయినంక దండేస్తరు గదా బిడ్డా, ఆ ఫోటో అన్న నేను దిగింది ఉండాలె."

ఇది ఇవ్వాళ మొదలైన వ్యవహారం కాదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. అందులో మనుషుల ఫోటోలు కులాలకు నమూనాలుగా ఉంటాయి. నిజాం రాజ్యంలో 1940లలో హైమెండార్ఫ్ అమ్రాబాద్ అడవుల్లో చెంచులతో కలిసి తిరిగాడు, 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. ఆయన తీసిన ఫోటోల నిధి ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ల మనవరాళ్లు అమ్రాబాద్‌లో ఉన్నారు. ఇదే హైదరాబాదులో ఇంకో కథ కూడా ఉంది. రాజా దీన్ దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. ఫోటో ఎవరు తీయాలి, ఎవరి కంట పడకూడదు అని అక్కడ ముందే ఆలోచించారు. అది స్త్రీల కోరికా, ఇంటి మగవాళ్ల పట్టింపా అన్నది వేరే చర్చ. కానీ డబ్బూ హోదా ఉన్న ఇంటి స్త్రీ ఫోటోకు గోడ కట్టాలని వందేళ్ల కిందటే తెలుసు. అడవిలో స్త్రీకీ, మడిలో స్త్రీకీ ఆ గోడ అక్కర్లేదనుకున్నారు.

అమెరికాలో 1936లో డొరొతియా లాంగ్ బఠాణీ కోతల కూలీల గుడారాల దగ్గర ఒక తల్లి ఫోటో తీసింది. భుజాల మీద ఇద్దరు పిల్లలు ముఖాలు దాచుకుని ఉంటారు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువమంది చూసిన ఫోటోల్లో అదొకటి. తీసింది స్త్రీ, అదీ పేదల పక్షాన నిలబడ్డ మనిషి. అయినా పేరు అడిగి రాసుకోలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఫోటో కాపీ పంపిస్తామన్నారు, పంపలేదు అని ఆమె చెప్పుకుంది. 1983లో జబ్బు చేస్తే ఆమె వైద్యానికి పిల్లలు చందాలు అడగాల్సి వచ్చింది. తీసేవారు స్త్రీ అయితే, మంచి ఉద్దేశం ఉంటే చాలు అనుకునే మనలాంటి వాళ్ల కోసమే ఈ ఉదాహరణ చెప్పాను.

చట్టం ఏమంటుంది? 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫోటో తీసినవారే దాని కర్త. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు డబ్బిచ్చినవారిది. అంటే మిర్యాలగూడ స్టూడియోలో పైసలిచ్చి దిగిన పెళ్లికూతురికి హక్కు ఉంది. అరగంట కూలి పోగొట్టుకుని దిగిన నాట్ల కూలీకి లేదు. ఆమె ఇచ్చింది చట్టం కంటికి డబ్బుగా కనపడదు. మన సంస్థ ఫోటోగ్రాఫర్‌కు డబ్బిచ్చి తీయిస్తే, అదే సూత్రం ప్రకారం హక్కు మన సంస్థది. కాబట్టి "ఫోటోగ్రాఫర్ ఇవ్వలేదండీ" అని ఏ సంస్థా తప్పించుకోవడానికి లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో చెప్పింది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉంది. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం పాత శిక్షాస్మృతి 228ఏ కిందా నేరమే, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 72 కిందా నేరమే.

ఆ చివరిది ఎందుకు చెప్పానంటే, ప్రింట్లు పంచడమంటే ఊరంతా పంచడం కాదు. సంఘం మీటింగులో తీసిన గుంపు ఫోటోలోంచి ఒక ముఖం కత్తిరించి 'హింసకు గురైన మహిళ' అని పోస్టరు మీద వేస్తే ఏమవుతుంది? ఎయిడ్స్ కరపత్రం మీద వేస్తే? ఆమె ఇంట్లో, ఆమె ఊళ్లో ఆమె ఆ వ్యాఖ్యతోనే బతకాలి. మొగుణ్ని వదిలేసి వేరే ఊళ్లో పనిచేసుకుంటున్న ఒకామె ఏ గ్రూపు ఫోటోలోనూ నిలబడదు. "ఆ ఫోటో ఆయన ఫోనుల కనపడితే నేనెక్కడున్నానో తెలుస్తది" అంది. మొన్నటిదాకా ప్రింటు ఆల్బంలో ఉండేది. ఇప్పుడు ఎక్కడికి పోతుందో తీసినవాళ్ల చేతుల్లో కూడా లేదు.

మిర్యాలగూడ పక్కన కూర్చుని ఈ మాట మాట్లాడుతూ 2018 సంగతి తలుచుకోకుండా ఉండలేం. ప్రణయ్, అమృత పెళ్లి తర్వాత ఒక వీడియో తీయించుకున్నారు. ఇద్దరూ ఇష్టపడి, అందంగా తయారై, లొకేషన్లకు వెళ్లి దిగిన వీడియో. ఫేస్‌బుక్‌లో ఎంతోమంది చూశారు. ఆ సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య కళ్లముందే, ప్రణయ్‌ను నరికి చంపారు. దళితుడు కాబట్టి చంపారు. నల్లగొండ ప్రత్యేక కోర్టు 2025 మార్చి 10న ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. అప్పట్లో మనవాళ్లలోనే కొందరు "ఆ వీడియో పెట్టకుండా ఉండాల్సింది" అన్నారు. పొట్టి బట్టలు వేసుకోకుండా ఉండాల్సింది అనే మాటకూ దీనికీ తేడా లేదు. కులాంతర వివాహం చేసుకున్న జంట తమ సంతోషాన్ని నలుగురికీ చూపించుకోవడం తప్పెలా అవుతుంది? నన్ను కలవరపెట్టేది రెండో దృశ్యం. వాళ్లు దిగని దృశ్యం, ఆసుపత్రి దగ్గరి సీసీ కెమెరా తీసింది. దాన్ని టీవీలు తిప్పి తిప్పి చూపించాయి. ఎవరి అనుమతి అడిగారు? 2020లో ఈ హత్య మీద సినిమా పోస్టర్లు వచ్చినప్పుడు, కొడుకు ఫోటోలు అనుమతి లేకుండా వాడుకున్నారని ప్రణయ్ తండ్రి కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. కోర్టు చెప్పాక పోలీసులు కేసు రాశారు. బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు ఫోటో కోసం కూడా కోర్టు మెట్లెక్కడమంటే ఎంత కష్టమో ఆలోచించండి.

కాబట్టి 'ఫోటోలు తీయకూడదు' అన్నది నా వాదన కాదు. ఆడపిల్లలు ఫోటోలు దిగొద్దు, ఫోన్లు పట్టొద్దు అనే పెద్దమనుషులకు మనం తోడు పోనక్కర్లేదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1990ల చివర్లో వీడియో కెమెరా నేర్చుకున్నారు. చదువు రానివాళ్లు చాలామంది. పైనుంచి కిందికి చూసే షాటుకు వాళ్లు 'పటేల్ షాట్' అని పేరు పెట్టారు, పటేలు ఎప్పుడూ పైనుంచే చూస్తాడు కాబట్టి. కంటికి ఎదురుగా కన్ను పెట్టి తీసేది 'సంఘం షాట్'. సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు. మన నివేదికల అట్టలు ఒకసారి తిరగేసి, ఎన్ని పటేల్ షాట్లున్నాయో లెక్కపెట్టండి.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ముందు అడగాలి, అదీ మడిలోకి దిగకముందు, ముఠా అంతా ఉన్నప్పుడు. ఎక్కడ వేస్తామో చెప్పాలి. 'పుస్తకంలో' అంటే చాలదు, ఏ పుస్తకమో, ఎవరు చదువుతారో చెప్పాలి. పేరు వేయాలా వద్దా ఆమే చెప్పాలి. ప్రింటు తీసుకెళ్లి ఆమె చేతికే ఇవ్వాలి. సర్పంచికి కాదు, మొగుడికి కాదు, సంఘం లీడరుకీ కాదు. వద్దన్న ఫోటోను ఆమె ఎదుటే ఫోనులోంచి తీసేయాలి. ప్రింటు ఖర్చు ప్రాజెక్టు బడ్జెట్‌లో ముందే రాసుకోవాలి. దాతల సంస్థలు ఒప్పుకోవంటారు గానీ, నివేదిక అట్టకు నిగనిగలాడే కాగితం ఒప్పుకున్నవాళ్లు దీనికీ ఒప్పుకుంటారు.

ఒక్క విషయం నాకూ తేలలేదు. నేను మాట్లాడినవాళ్లలో కొందరు ప్రింటు కూడా వద్దన్నారు. "ఫోటో ఏం జేస్కోవాలె మేడం, అరగంట కూలి కట్టియ్యుండ్రి" అన్నారు. ఇంకో ముఠావాళ్లు ఒక్కరికే కూలి ఇస్తే ఒప్పుకోమన్నారు. వరుస పట్టింది అందరూ కాబట్టి గుత్తలోనే కలపాలట. నాకు ఈ రెండో మాటే న్యాయంగా కనిపిస్తోంది గానీ, రేటు ఎంతన్నది నాట్లేసేవాళ్లే చెప్పాలి. ఆ ముఠా వాళ్లు ఇద్దరు ఇవ్వాళ ఇక్కడికొచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్లు మాట్లాడతారు.