విముక్తి స్మారక సంఘము – దాని నిబంధనలు



దాస్యవిమోచనమును స్మరించుటకై ప్రభుత్వమొక సంఘమును నియమించినయెడల, ఆ సంఘము ఏ నిబంధనలను బట్టి నడువవలెనో యోచించుట నేటి నా ప్రసంగవిషయము. నిబంధనలనగానే కోరము, కాలపరిమితి, దారిబత్తెము, తీర్మానముల పుస్తకము. ఇది వినువారికి నిద్ర తెప్పించు సరకని నేనెఱుగుదును. అయినను నేను ముప్పదియైదేండ్లు బడిలో హాజరుపట్టీలు వ్రాసినవాడను. ఏ పుస్తకములో ఎవరి పేరెట్లు వ్రాయబడినదో చూచినచో ఆ యూరి సంగతి సగము తెలియును. కావున కొంచెము ఓపిక పట్టవలసినదిగా కోరుచున్నాను.

దాస్యమనునది అమెరికాలో జరిగిన కథ, మనకేల యని కొందరనవచ్చును. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. బాకీదాస్యమును దేశమంతట రద్దుచేయు చట్టము వచ్చుటకు మఱి యిరువదియాఱేండ్లు పట్టెను. 1976 ఫిబ్రవరి 9వ తేదీని రాష్ట్రపతి యామోదము పొందిన ఆ చట్టము, అంతకుముందటి ఆర్డినెన్సును బట్టి, 1975 అక్టోబరు 25 నుండియే అమలైనట్లు లెక్క. 2026 ఫిబ్రవరి 9 నాటికి దానికి ఏబదియేండ్లు. నిజాము రాజ్యమున భగేలా పద్ధతిపై 1936లోను, విశాఖ మన్యమున గొత్తి పద్ధతిపై 1940లోను శాసనములు వచ్చియుండెను గాని, అవి ఆయా సీమలకే పరిమితములు.

ఈ చట్టమున ఒప్పందమను మాటకు వివరణము వ్రాయుచు, దేశమునందలి వెట్టిరూపముల పేర్లను వరుసగా పేర్చినారు. ఆ వరుసలో జీతా, భగేలా, వెట్టి యను మాటలతోపాటు పాలేరు అను మాటయు నున్నది. రాజోలు సీమలో ఈ మాట విననివారెవరు? అది పార్లమెంటు చేసిన చట్టములో ఈ విధముగా నెక్కినదని మాలో పెక్కుమందికి తెలియదు, తెలిసినవారికి రుచింపదు. మా పాలేరు మా యింటి మనిషివలె మెలగెడివాడందురు. మెలగియుండవచ్చును. పాలేరైన ప్రతివాడును దాసుడని చట్టము చెప్పుట లేదు. పెండ్లికో చావుకో ముందుగా సొమ్ము పుచ్చుకొని, ఆ బాకీ తీరువఱకు వేఱొకచోటికి పోరాదనియు, న్యాయమైన కూలి అడుగరాదనియు కట్టుబడినవానినే చెప్పుచున్నది. తండ్రి బాకీకి కొడుకు కమతములో చేరిన యిండ్లు మా వైపున ఎన్ని కలవో, ఆ తరమువారికి నేను చెప్పనక్కఱలేదు.

నేను ప్రాచ్యకళాశాలలో చదువుకొన్నవాడను గనుక ఒక పాతసంగతి చెప్పెదను. మా గురువుగారు ధర్మశాస్త్రము చెప్పునపుడు నారదస్మృతిలోని దాసప్రకరణమును త్వరత్వరగా దాటించెడివారు. నేను దానిని తరువాత ఒంటరిగా చదువుకొంటిని. అందు దాసులు పదునైదు తెఱగులవారు. ఇంట పుట్టినవాడు, కొనబడినవాడు, కఱవులో కూడుపెట్టి కాపాడబడినవాడు, పెద్ద ఋణమునుండి విడిపింపబడినవాడు, పందెమున గెలువబడినవాడు, ఇట్లు సాగును. పిమ్మట దాసుని విడుదలచేయు తంతు చెప్పబడినది. ప్రీతుడైన యజమాని దాసుని భుజముమీది నీళ్లకుండను దీసి పగులగొట్టును. అక్షతలు, పూలు కలిపిన నీటిని వాని తలపై చల్లును. నీవు దాసుడవు కావని ముమ్మాఱు పలికి, తూర్పుముఖముగా వానిని పంపివేయును. నాటినుండి వాడు స్వామి యనుగ్రహముచే రక్షింపబడినవాడని పిలువబడును. వాని యన్నము తినదగినది, వాని దానము గ్రహింపదగినది యగును.

చదువుటకు సొగసైన తంతు. ఆ కుండ పగులుట నా కన్నులకు గట్టినట్లుండును. కాని వ్యాకరణము చదివినవాడు వాక్యములో ముందుగా కర్తను వెదకును. ఈ తంతులో కుండ తీసినవాడు యజమాని. పగులగొట్టినవాడు, చల్లినవాడు, పలికినవాడు, పంపినవాడు యజమానియే. దాసుడు కర్మ. విడుదలైన తరువాత వానికి దక్కిన బిరుదుకూడ యజమాని దయను చెప్పునదే.

దొరల చట్టములును ఈ దోషమును తప్పించుకొనలేదు. 1833లో బ్రిటిషు పార్లమెంటు తమ వలసలలో దాస్యమును రద్దుచేయుచు, రెండు కోట్ల పౌనుల పరిహారమును యజమానులకు కేటాయించెను. దాసులకు ఒక్క పెన్నీ యైనను లేదు. ఈస్టిండియా కంపెనీ రాజ్యమును ఆ చట్టమునుండి మినహాయించిరి. మనకు 1843నాటి అయిదవ ఆక్టు వచ్చెను. అందు నాలుగే సెక్షనులు. మనిషిని ఆస్తిగా నెంచు హక్కును కోర్టులు మన్నింపరాదనియు, దాసుడను మిషతో వాని స్వార్జితమును లాగుకొనరాదనియు అది చెప్పెను. మంచిమాటలే. ఆ మాటలను పల్లెపల్లెకు పోయి చాటవలెనని మాత్రము ఆ నాలుగు సెక్షనులలో ఎచ్చటను లేదు.

స్మారకసంఘముల విషయమున నాకుగల భయమిదియే. వేదికపై అధికారులు, దాతలు. క్రింద పచ్చికపై విడుదలైనవారు. దండలు విడిపించినవారికి, పులిహోర పొట్లములు విడిపింపబడినవారికి. కర్తస్థానమున పాలేరే నిలిచిన గ్రంథములు మన సీమలోనే పుట్టియుండగా ఇట్లేల జరుగవలెను? రాజమహేంద్రవరమున కుసుమ ధర్మన్నగారు మాకొద్దీ నల్లదొరతనము అని పాట కట్టిరి. రాజోలునకు చేరువనున్న మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్నగారు పాలేరు అను పేరనే నాటకము వ్రాసిరి. పాలేరు కుఱ్ఱవాడు చదువుకొని పైకి వచ్చిన కథ యది. తమ స్వీయచరిత్రకు వారు పెట్టిన పేరు పాలేరు నుండి పద్మశ్రీ వరకు. విముక్తిదినమున మంత్రుల సందేశములు చదువుటకు మాఱుగా ఆ నాటకమును పేటలోని పిల్లలచేత ఆడింపవలెనని నిబంధన వ్రాయవచ్చును.

ఇక అట్టి సంఘము లోకములో నెచ్చటనైన నడచినదా యనిన, మనవారున్నచోటనే నడచినది. పైన చెప్పిన 1833నాటి చట్టము మారిషసు ద్వీపమున 1835 ఫిబ్రవరి 1వ తేదీని అమలైనది. అంతట చెఱకుతోటలకు మనుషులు చాలక, అయిదేండ్ల ఒడంబడికపై, నెలకు అయిదు రూపాయల జీతమునకు మన దేశపు కూలీలను ఓడలలో కొనిపోయిరి. మన గోదావరి ముఖమునగల కోరంగి రేవునుండియు తెలుగువారు పోయిరి. నేడు ఆ దేశమున ఫిబ్రవరి 1 దాస్యవిమోచనమునకు, నవంబరు 2 కూలీల రాకకు స్మరణదినములు; రెండును ప్రభుత్వపు సెలవులే. అంతటితో తృప్తిపడక, 2008లో చట్టముచేసి సత్యన్యాయ సంఘమును ఏర్పఱచిరి. దక్షిణాఫ్రికావారైన అలెక్సు బొరేను దాని యధ్యక్షుడు. 2011లో నివేదిక వచ్చినది. దాస్యమును, కూలీ ఒడంబడికలను, వాని ఫలితములను విచారించుటతోపాటు, మా భూమి అన్యాయముగా పోయినదని ఎవరైన అర్జీ పెట్టుకొన్నచో దానినికూడ విచారింపవలెనని ఆ సంఘమునకు విధి. స్మరించుటకు కూర్చున్నవారు భూమి మాటకూడ అడుగవలసి వచ్చుట నాకు మిక్కిలి నచ్చిన యంశము.

అచ్చటిదే యింకొక సంగతి. కూలీలు ఓడ దిగగానే దొరలు మనిషికొక అంకె వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు పుస్తకములకెక్కించిరి. కాపలాకై వ్రాసికొన్న ఆ పుస్తకములు నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. మునిమనుమలు వచ్చి వానిలో తమ పూర్వుల యూరిపేరు వెదకికొనుచున్నారు.

మన పాలేరునకు అట్టి పుస్తకమైనను లేదు. ఉన్నది కామందు పద్దుపుస్తకము. మా తండ్రిగారి పుస్తకములు కొన్ని నాయొద్ద నున్నవి. ఎద్దులజత కొన్నచోట వాని వన్నె, కొమ్ములతీరు, పండ్లు, అమ్మినవాని యింటిపేరు, ఊరు, అన్నియు వ్రాయబడినవి. పాలేరు పద్దులో సుబ్బడు అని మాత్రమున్నది. ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు. నెలకిన్ని కుంచముల ధాన్యము, కూతురి పెండ్లికి ఇంత, జ్వరమునకు మందులకు ఇంత, మూడు పుటలు సాగి, మొత్తము కూడి, మఱుసటి యేటి పుస్తకమునకు చూడుడని యున్నది. ఆ మఱుసటి యేటి పుస్తకము దొరకలేదు. అతని మునిమనుమరాలు నాయొద్ద చదువుకొన్న పిల్ల. నేడు కాకినాడలో ఉద్యోగము చేయుచున్నది. ఒకనాడు వచ్చి ఆ పుటలు చూపుమని యడిగెను. చాలసేపు చూచి, "మాస్టారండీ, మావోళ్ల పేరున్న మొదటి కాగితం ఇదేనండి" అని, ఫోటో తీసికొని పోయెను. నేను మాఱుపలుకలేదు.

ఈ సందర్భమున 1976నాటి చట్టమును, దాని నియమములను చూడుడు. జిల్లాకొకటి, సబుడివిజనుకొకటి విజిలెన్సు కమిటీ యుండవలెను. జిల్లాలో కలెక్టరుగాని ఆయన నియమించినవారుగాని అధ్యక్షులు. ఆ జిల్లాలోనే నివసించు షెడ్యూల్డు కులములవారు లేక తెగలవారు ముగ్గురు, సంఘసేవకులిద్దఱు, గ్రామాభివృద్ధి సంస్థలనుండి ముగ్గురికి మించకుండ, బ్యాంకుల తరపున నొకరు సభ్యులు. సభ్యత్వము రెండేండ్లు. సెలవు పొందక వరుసగా మూడు సభలకు రానిచో స్థానము పోవును. కమిటీ నాలుగు రిజిస్టరులు ఉంచవలెను: విడుదలైనవారి పేర్లు, చిరునామాలు ఒకటి, వారి వృత్తి, ఆదాయము ఒకటి, వారికి ముట్టిన భూమి, అప్పు, శిక్షణము మొదలగు లాభములొకటి, వారి తరపు కేసులొకటి. ఎవరైన పాతబాకీకై దావా వేసినచో విడుదలైనవాని పక్షమున కమిటీయే వాదింపవలెను. బాకీ దాస్యపుబాకీ కాదని నిరూపించు భారము అప్పిచ్చినవానిపై నున్నది. శిక్ష మూడేండ్లవఱకు ఖైదు, రెండువేలవఱకు జరిమానా.

ఇంత చక్కని కూర్పులో ఒక్క సందు విడిచిరి. కమిటీ తన కార్యక్రమమును తానే నిర్ణయించుకొనవలెనని వ్రాసిరి. ఏడాదికి ఎన్నిమాఱులు కూడవలెనో ఆ సెక్షనులో లేదు. తలచుకొన్న అధికారి యున్నచోట కమిటీ నడచును. సాంఘిక సంక్షేమ కార్యదర్శిగా ఊరూర తిరిగి వెట్టివారితో నేరుగా మాటాడిన ఎస్. ఆర్. శంకరన్‌గారివంటివారు అట్టివారు. తలపు లేనిచోట తేదీయే పడదు.

కావున స్మారకసంఘమునకు నేను వ్రాయు మొదటి నిబంధన తేదీలు. మూడునెలలకొక సభ, ఊడ్పులు, కోతలు జరుగు వారములు కాకుండ, కలెక్టరు కచేరీలో గాక పేటలో. కూలిపని చేయు సభ్యునకు ఆనాటి కూలి, దారిఖర్చు ఆ సాయంకాలమే చేతిలో పెట్టవలెను. బిల్లు వ్రాసి త్రిప్పరాదు. లేనిచో మూడు సభల నియమము వానినే ముందు తొలగించును. సభ్యులలో సగముమంది విడుదలైన కుటుంబములవారు కావలెను. అధ్యక్షత వంతులవారీగా వారికిని రావలెను. డాక్టరు బి. ఆర్. అంబేడ్కరు పేరు 2022లో పెట్టుకొన్న జిల్లా మాది. ఈపాటి నియమమునకు జంకనక్కఱలేదు.

స్తంభము, శిలాఫలకము అను ఖర్చులను సంఘము ముందుగా తలపెట్టరాదు. 2016నాటి కేంద్ర పథకమున విడుదలైన పురుషునకు లక్ష రూపాయలు, స్త్రీలకు, బాలురకు రెండు లక్షలు, మిక్కిలి ఘోరస్థితినుండి వచ్చినవారికి మూడు లక్షలు చెప్పబడినవి. కాని కామందునకు శిక్ష పడిన పిమ్మటనే పూర్తిమొత్తము అందునట్లు నియమము పెట్టిరి. జిల్లాలో అట్లు నిలిచిపోయినవారెందఱో, ఎన్నాళ్లనుండియో ప్రతి సభలో పేరుపేరున చదువవలెను. ఆ లెక్క ముగిసినగాని ఱాతిపని మొదలుపెట్టరాదు.

మా తాత బాకీపాలేరు అని వచ్చి చెప్పుకొన్నవారిని సాక్ష్యము తెమ్మనరాదు. కాగితములు వారి యింట ఉండవు. అడ్వాన్సు పుచ్చుకొన్నట్లు కూలివాడే ఋజువు చేయవలెనను వాదమును సుప్రీముకోర్టు 1983లో బంధువా ముక్తి మోర్చా కేసున త్రోసివేసినది. బలవంతపుపని కనబడినచోట అప్పున్నట్లే యెంచవలెనని చెప్పినది. స్మరణమునకు కోర్టుకంటె కఠినమైన నియమమేల? రిజిస్టరులో పేరు వ్రాయునపుడు ఇంటిపేరుతో, తల్లిదండ్రుల పేర్లతో, గారు అని చేర్చి వ్రాయవలెను. కామందులు పిలిచిన పేరు వేఱుగడిలో నుండవచ్చును, వెదకువారికి పనికివచ్చును.

కడపటిది పద్దుపుస్తకములను గూర్చి. కామందుల యిండ్లలో అటకలమీద చెదలు తినుచున్న కమతపు పద్దులను సంఘము స్వీకరించి, నకలు తీసి, పాలేరు కుటుంబమునకొక ప్రతి ఉచితముగా నీయవలెను. ఇచ్చినవారిని నిందింపరాదు, సన్మానింపను రాదు, రసీదు మాత్రమియ్యవలెను. మా తండ్రిగారి పుస్తకములను ఇయ్యనెంచుచున్నాను. మా తమ్మునికి సమ్మతము గాదు. నాన్నగారు ఆనాటి వాడుక ననుసరించిరి, ఆ పేరును వీధిలో పెట్టుటేల యని యతని వాదము. నాన్నగారు వ్రాసినదానిలో ఒక్క యక్షరమైనను నేను మార్చుట లేదని చెప్పితిని. పుస్తకములు ఉమ్మడి సొత్తు గనుక అతని సంతకముకూడ కావలెను, ఇంకను పెట్టలేదు.