బెల్టు పెట్టుకుంటే బావగారు ఏమనుకుంటారు?

(మన తెలుగు సంఘము సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో పదిహేను నిమిషములు మాట్లాడవలసినదని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము జంకిన మాట నిజము. మేము చదివినది మెట్రిక్యులేషను, చేస్తున్నది రైల్వేలో గుమాస్తా పని. కావ్యములను గురించి చెప్పటానికి మన సంఘములో వేరే పెద్దలు ఉన్నారు. అందుచేత మాకు అనుభవములోకి వచ్చిన చిన్న విషయము ఒకటి మనవి చేసి సెలవు తీసుకుంటాము. ఆ విషయము కారులో ఉండే సీటు బెల్టు.

దయచేసి నవ్వవద్దు. ఉగాది వెళ్ళినదంటే పెండ్లిండ్ల రోజులు వస్తాయి. మన తాతలు ఈ ఖుర్దా రోడ్డుకు రైలులో వచ్చినవారు. మన రాకపోకలు చాలాకాలము పాసుల మీదనే సాగినవి. ఇప్పుడు వీధికి నాలుగు కార్లు ఉన్నవి. బరంపురము, ఇచ్ఛాపురము, పలాసల మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి శ్రీకాకుళము దాకా నున్నగా పరచుకొని ఉన్నది. తెల్లవారి బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి చుట్టాల ఇంట ఉండవచ్చును. కనుక ఈ మాట మనకు సంబంధించినదే.

నాలుగేండ్ల క్రిందట మాఘమాసములో మా పినతండ్రిగారి అమ్మాయి పెండ్లికి బయలుదేరినాము. కారు మా బావగారిది. వెనుక సీటులో అమ్మ, అక్కయ్య, మా ఇంటావిడ. ముందు సీటులో మేము, మా ఒళ్ళో రెండేండ్ల మా అమ్మాయి. కారు కదలగానే మేము బెల్టు కోసము చేయి చాచినాము. బావగారు నవ్వి, "ఏటి బావా, నా మీద నమ్మకము లేదేటి? ఇరవై ఏళ్ళ బట్టి నడుపుతున్నాను" అన్నారు. వెనుకనుంచి అక్కయ్య కూడా నవ్వినది. మేము చేయి వెనుకకు తీసుకున్నాము.

బెల్టు పెట్టుకోకపోతే కారు కుయ్యి కుయ్యిమని అరవలేదా అని మీరు అడగవచ్చు. ఆ నోరు బావగారు ముందే మూయించినారు. బెల్టు దిగే గాడిలో గుచ్చటానికి ఒక ఉత్త బిళ్ళ అమ్ముతారు. అది గుచ్చితే బెల్టు పెట్టుకున్నారని కారు భ్రమపడుతుంది. ఇటువంటి బిళ్ళలు అమ్మవద్దని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు పెద్ద ఇంటర్నెట్టు అంగళ్ళను ఆదేశించినది. అప్పుడు తీసివేయించిన ప్రకటనలే 13,118. ప్రాణము కాపాడేదానిని మోసగించటానికి ఎంత బేరము సాగినదో చూడండి.

ఇచ్ఛాపురము దాటిన తరువాత గేదె ఒకటి రోడ్డుకు అడ్డము వచ్చినది. బావగారు ఏ తప్పూ చేయలేదు. సమయానికి బ్రేకు వేసినారు. గేదెకు దెబ్బ తగలలేదు, కారుకు గీత పడలేదు. మా చేతులలోని పిల్ల మాత్రము జారిపోయి ఎదుటి పలకకు కొట్టుకున్నది. నుదుట నాలుగు కుట్లు పడినవి. పెండ్లివారి వాకిట మేము రక్తపు చొక్కాతో దిగినాము. ఆ రాత్రి బావగారు విస్తరి ముందు కూర్చొని, చేయి కడుక్కొని లేచిపోయినారు.

ఆ తరువాత మేము ఆఫీసులోను, వీధిలోను పలువురిని అడిగినాము: "అయ్యా, మీరు బెల్టు ఎందుకు పెట్టుకోరు?" అని. అది మంచిదని మాకు తెలియదు అన్నవారు ఒక్కరు లేరు. ప్రతివారికీ ఒక కారణము ఉన్నది. ఆ కారణములను కొట్టివేయకుండా ఒక్కొక్కటే చూద్దాము.

"ఇక్కడికే కదా" అన్నవారు చాలామంది. స్టేషనుకు, బజారుకు, గుడికి బెల్టు ఎందుకని వారి వాదము. దూరము తక్కువైనంత మాత్రాన వేగము తక్కువ కాదు. గంటకు 50 కిలోమీటర్లు పోయే కారు దేనికైనా కొట్టుకొని ఆగిపోతే, లోపలి మనిషి దెబ్బ సుమారు 10 మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడ మీదనుంచి పడిన దెబ్బతో సమానము. ఇది హైస్కూలు లెక్క. ఆ క్షణములో పది కిలోల బిడ్డ రెండు మూడు క్వింటాళ్ళ బరువుతో ముందుకు పోతుంది. పార్శిలు ఆఫీసులో మూటలెత్తే వస్తాదు కూడా అంత బరువును పట్టి ఆపలేడు, ఇక తండ్రి చేతులెంత? మేడ పిట్టగోడ మీద పిల్ల కూర్చుంటే మనకు గుండె ఝల్లుమంటుంది. ముందు సీటులో మన ఒళ్ళో కూర్చుంటే ముద్దు వస్తుంది. ఎత్తు కంటికి కనబడుతుంది, వేగము కనబడదు. తేడా అంతే.

"వెనుక కూర్చున్నవారికి ఎందుకు?" అన్నది రెండవ మాట. చట్టము వెనుక సీటువారిని కూడా పెట్టుకోమన్నది. 2019 సెప్టెంబరు 1 నుంచి తప్పినవారికి జరిమానా 1,000 రూపాయలు. టాటా సంస్థల మాజీ అధ్యక్షుడు సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో, సూర్యా నది వంతెన దగ్గర మరణించినప్పుడు ఖరీదైన కారులో వెనుక సీటులోనే ఉన్నారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పినారు. వెనుకనున్న ఇద్దరూ పోయినారు, ముందున్న ఇద్దరూ బ్రతికినారు. పైగా వెనుకనుంచి ఎగిరిపడిన మనిషి ముందున్న తనవారి మీదనే పడతాడు. మన అద్దె కార్లలో వెనుక బెల్టు గాళ్ళు తెల్లని సీటు గుడ్డ క్రింద దాగి ఉంటాయి. బేరము కుదుర్చుకునేటప్పుడే గుడ్డ తీయించండి.

"నాకు బాగా నడపటము వచ్చును" అన్నది మూడవ మాట. నందమూరి హరికృష్ణగారికి నడపటము తెలియదని ఎవరనగలరు? తండ్రిగారి చైతన్యరథమును ఊరూరా నడిపిన మనిషి. 2018 ఆగస్టు 29న ఒక పెండ్లికి పోతూ నల్లగొండ జిల్లాలో ప్రమాదమునకు గురి అయినారు. బెల్టు లేక కారులోనుంచి బయటకు విసిరివేయబడినారని పత్రికలలో చదివి మన ఇండ్లలో ఎందరో కంట తడి పెట్టుకున్నారు.

కొందరు భయము చెప్పినారు. కారుకు నిప్పు అంటుకుంటే, నీటిలో పడితే చిక్కుకుపోతామని. అది నిజమైన భయమే. కాని అటువంటి ప్రమాదాలు అరుదు. అప్పుడు కూడా తలకు దెబ్బ తగలక తెలివితో ఉన్నవాడే తలుపు తీసుకొని బయటపడగలడు. తెలివి తప్పినవానికి బెల్టు లేకపోయినా ఒకటే. ఎదుట గాలిసంచి ఉన్నదిగదా అంటారా? ఆ సంచి బెల్టుకు తోడుగా చేసినది, బదులుగా కాదు. చిన్నపిల్లలను దాని ఎదుట కూర్చోబెట్టనే కూడదు. వారికి వెనుక సీటులో వేరే చిన్న సీటు బిగించాలి.

పట్టుచీర నలుగుతుందన్న అక్కచెల్లెండ్లకు మేము సమాధానము చెప్పలేము, ఇస్త్రీ ఉన్నదని మాత్రము చెప్పగలము. గర్భవతులు మాత్రము ఒక మాట వినాలి. బెల్టు మానకూడదు. క్రింది పట్టీ కడుపు మీదుగా కాక, కడుపు క్రిందుగా తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ రొమ్ముల నడుమనుంచి కడుపు ప్రక్కగా పోవాలి.

నుదుటి వ్రాత అన్న పెద్దలు ఉన్నారు. వారి మాట కాదనము. అయితే ఆ పెద్దలే రాత్రి తలుపుకు గడియ వేస్తారు, వానలో గొడుగు పడతారు. గడియకు అడ్డురాని వ్రాత బెల్టుకు ఎందుకు అడ్డు వస్తుంది?

"నా ప్రాణము, నా ఇష్టము" అన్న యువకులు ఉన్నారు. ఈ వాదము మనదే కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1970లోనే బెల్టును నిర్బంధము చేస్తే, ఇంగ్లాండులో ఈ స్వేచ్ఛ గురించి ఏండ్ల తరబడి వాదించుకొని, 1983 జనవరి 31 నుంచి ముందు సీట్లకు అమలు చేసినారు. ఇప్పటి మూడు కొసల బెల్టును 1959లో రూపొందించినవాడు వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్. ఆ కంపెనీ దానిని తన సొత్తుగా దాచుకోక అన్ని కంపెనీలనూ వాడుకోనిచ్చినది. పరాయివారి ప్రాణము కోసము ఒక వ్యాపారి లాభము వదులుకున్నాడు. మన ప్రాణము కోసము మనము ఒక్క చేయి చాచలేమా? అయినా ప్రాణము మనదేగాని, మనము పోతే మిగిలే ఇల్లు మన ఒక్కరిది కాదు.

ఇక అసలు కారణము. ఇది ఎవరూ పైకి చెప్పలేదు, మా చేయి వెనుకకు వచ్చినప్పుడు మాకు తెలిసినది. అది మర్యాద. నడిపేవారు బావగారో, మామగారో, పెద్ద ఆఫీసరుగారో అయినప్పుడు బెల్టు పెట్టుకుంటే వారిని శంకించినట్లుంటుందని మనము మానుకుంటాము. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారము 2022లో బెల్టు పెట్టుకోక మరణించినవారు 16,715 మంది. అందులో నడిపేవారు 8,384, ప్రక్కన, వెనుక కూర్చున్నవారు 8,331. ఆ కూర్చున్నవారిలో మావలె మొగమాటానికి చేయి వెనుకకు తీసుకున్నవారు ఎందరో!

మా బావగారి మీద మేము ఉంచిన నమ్మకము తప్పు కాలేదు. ఆయన చక్కగానే నడిపినారు. కాని గేదెకు ఆయన అనుభవము తెలియదు. బెల్టు నడిపేవాని మీద అపనమ్మకము కాదు, రోడ్డు మీద అపనమ్మకము.

మొన్న మా అమ్మాయి, "నాన్నా, రైలులో బెల్టు ఎందుకు లేదు?" అని అడిగినది. రైలు బరువైనది, తన పట్టాల మీద పోతుంది, జోరుగా పోయే ఎక్స్‌ప్రెస్సు బ్రేకు వేసినా సుమారు కిలోమీటరు పోయి ఆగుతుంది, కారువలె చటుక్కున ఆగదు అని చెప్పినాము. రైలుకు ప్రమాదము లేదని మాత్రము చెప్పలేదు. 2023 జూన్ 2న బహనగా స్టేషనులో జరిగిన ఘోరము మన ఒడిశావారు మరచేది కాదు.

అయితే రైలునుంచి నేర్చుకోదగినది ఒకటి ఉన్నది. మన సభలో లోకో పైలట్లు ఉన్నారు, వారిని అడగండి. ఇంజనులో ఇద్దరు ఉంటారు. సిగ్నలు కనబడగానే ఒకరు దాని రంగును పైకి చెబుతారు, రెండవవారు చూచి తిరిగి చెబుతారు. పెద్దవాడు చిన్నవానితో, "నా కళ్ళ మీద నమ్మకము లేదా?" అనడు. చెప్పటము అక్కడ అవమానము కాదు, పద్ధతి.

ఇదే పద్ధతి కారులోకి తెచ్చుకోమని మా విన్నపము. తాళము తిప్పేముందు నడిపేవారే, "బెల్టు?" అని అడగాలి. అందరూ, "బెల్టు" అని బదులు చెప్పాలి. అడగవలసినది పెద్దవారు. వారు అడిగితే చిన్నవారికి మొగమాటము ఉండదు. బెల్టులకు మించి మనుషులు ఉంటే మిగిలినవారు రైలు ఎక్కండి. అది మన ఇంటి బండి.

మా బావగారు ఆ బిళ్ళను ఆ మరునాడే పెండ్లివారి నూతిలో పారవేసినారు. ఇప్పుడు కారెక్కగానే, "బెల్టు?" అని అడిగేది ఆయనే. అందరికంటె ముందు బదులు చెప్పేది మా అమ్మాయి. ఆ పిల్ల ఈ సభలోనే, మూడవ వరుసలో వాళ్ళ అమ్మ ప్రక్కన కూర్చొని ఉన్నది. బొట్టు ప్రక్కన చిన్న మచ్చ కనబడుతుంది. అది మా మొగమాటము ఖరీదు. తక్కువలో పోయినదని ఆ దేవునికి దండము పెట్టుకుంటున్నాము.

ఈ ఏడు మన పెండ్లిండ్లకు పోయినవారందరూ పోయినట్లే తిరిగి రావాలని కోరుకుంటున్నాము.