సముద్రం ముందుకొస్తుంటే గోడ ఒక్కటేనా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పది నిమిషాలే ఇచ్చారు కాబట్టి నాకు తెలిసిన పని గురించే మాట్లాడతాను.

పొద్దున్నుంచి నలుగురైదుగురు నన్ను ఒకటే అడిగారు: "ఇంజనీరువి కదా, ఉప్పాడ దగ్గర గట్టి గోడ కట్టేస్తే కోత ఆగదా?" ఆ ఒక్కదానితో ఆగదు.

తీరం వెంట ఇసుక ఒక్కచోట ఉండదు, నడుస్తూ ఉంటుంది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం లెక్క చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దారిలో హార్బరు గోడ అడ్డొస్తే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన కోత మొదలవుతుంది. పుదుచ్చేరిలో 1980ల చివర్లో హార్బరు కట్టాక ఊరి బీచ్ పోయి రాళ్ల గట్టు మిగిలింది. 2018లో నీటి అడుగున ఒక కట్ట దించి, ఇసుక పోశాక కొంత బీచ్ తిరిగొచ్చింది. విశాఖలో ఔటర్ హార్బరు వచ్చాక డ్రెడ్జర్‌తో తీసిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోస్తున్నారు. అది ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు.

ఉప్పాడ సంగతి ఇంకా చిక్కు. గోదావరి మీద కట్టలు, జలాశయాలు పెరిగాక సముద్రానికి చేరే ఒండ్రు తగ్గింది. హోప్ ఐలాండ్ అని మనం పిలిచే ఇసుక దిబ్బ కాకినాడ రేవుకు అలల నుంచి చాటు ఇస్తుంది. ఆ చాటు దాటాక ఉన్నది ఉప్పాడ. అక్కడ జియోట్యూబులు, అంటే ఇసుక నింపిన భారీ సంచులు, వేసి రాళ్లు పేర్చారు. అవీ దెబ్బతిన్నాయి. గోడకు కొట్టిన అల వెనక్కి మళ్లుతూ దాని పాదం దగ్గర ఇసుకను తోడేస్తుంది. గోడ ఎక్కడ ఆగితే అక్కడి నుంచి పక్క ఊరికి కోత. అందుకే గోడ కోసం అర్జీ పెట్టే ముందు పక్క ఊరి సర్పంచిని కూడా కూర్చోబెట్టమంటాను.

మరి మడ అడవులు? కోరింగలో వాటికి సాటి లేదు. బురద నేలలో, మంచినీళ్లూ ఉప్పునీళ్లూ కలిసేచోట పెరిగి ఉప్పెన జోరు తగ్గిస్తాయి. అలలు విరిగే ఇసుక ఒడ్డున నాటితే మాత్రం ఫోటో దిగే వరకే.

ఊరిని వెనక్కి జరపడం చివరి మార్గం. ఒడిశాలో సతభయా వాసులను అలాగే బాగపాటియాకు తరలించారు. మనవాళ్లకు ఇంటి పట్టా ఒక్కటే ఇస్తే చాలదు. పడవలు లాగే చోటు, వలలు ఆరేసే చోటు, చేపలు ఎండబెట్టే చోటు కూడా ఆ ప్లానులోనే ఉండాలి. లేకపోతే మళ్లీ ఒడ్డుకొచ్చి పాకలు వేసుకుంటారు, వాళ్లను తప్పు పట్టలేం.

ఇవన్నీ ఏళ్లు పట్టే పనులు. ప్రాణాలు అంతవరకు ఆగవు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10 వేల మంది పోయారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు లక్షల మందిని ముందే తరలించారు, మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. అక్కడ పనిచేసింది ముందస్తు హెచ్చరిక, బస్సు, షెల్టరు.

మన సంఘం కట్టబోయే కొత్త బ్లాకు ప్లాను చూశాను. ముఖద్వారానికి ఆర్చి బాగుంది. ఆ డబ్బు బ్లాకు స్తంభాలకు మళ్లించమని నా విన్నపం. కింద ఖాళీగా వదిలి గదులు పైన కడదాం. ముసలివాళ్లు, నిండు గర్భిణులు ఎక్కేలా ర్యాంపు, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్లు, నీళ్ల ట్యాంకు, జనరేటరు అన్నీ పైనే. మామూలు రోజుల్లో అందులో క్లాసులు జరగాలి. వాడని షెల్టరుకు తుపాను రోజున తాళంచెవి దొరకదు. డిజైను, పర్యవేక్షణ నేను ఫీజు లేకుండా చూసుకుంటాను. మట్టి పరీక్ష ఖర్చు ఏ బ్యాచ్ పెట్టుకుంటుందో భోజనాలయ్యేలోగా చెప్పండి.