నమ్మకమునకు బలాత్కార మేల?

తన మతమే సత్యమని నమ్మినవాడు దానిని పరులపై రుద్దవచ్చునా? కర్నూలు మండలమందలి ఎఱ్ఱగుడి బండలపై అశోకుని ధర్మశాసనములు నేటికిని గలవు. ఆయన బౌద్ధుడు, కళింగమును జయించిన చక్రవర్తి, ఆజ్ఞాపించిన కాదను వారు లేరు. అయినను స్వమతాభిమానముచే పరమతమును దూషించువాడు తన మతమునకే హాని చేయుచున్నాడని 12వ శాసనమున చెక్కించెను. నిజమే, మొదటి శాసనమున జంతుబలిని నిషేధించినవాడును ఆయనయే. యజ్ఞము చేయువారి కది బలాత్కారము గాదా? కాని పట్టాభిషిక్తుడైన 27 ఏండ్లకు పిదప, నేడు ఢిల్లీలోనున్న స్తంభముపై, నియమములకంటె నచ్చజెప్పుటవలననే ధర్మము హెచ్చుగా వృద్ధినొందెనని తానే వ్రాయించెను. మసీదుముందు పంతమునకై మేళము హెచ్చించువానికిని, ఆ మేళముపై ఱాయి విసరువానికిని ఆ చక్రవర్తికి లేని యధికారము నెవ్వ రిచ్చిరి?