తలుపు తట్టువారును, పలుకువారును



ఇంటనున్నవారు ఎంత పనిలోనున్నను, వీధి తలుపు తట్టిన చప్పుడు వినబడినంతనే ఒకరు లేచి చూతురు. కంప్యూటరునందును ఇట్టి యేర్పాటు కలదు. మీట నొక్కినను, తంతివెంట వార్త వచ్చినను, డిస్కు తన పని ముగించినను, ఆ యా పరికరము ప్రాసెసరును తట్టి పిలుచును. ఈ పిలుపునకే ఇంటరప్టు అని పేరు. ప్రాసెసరు చేయుచున్న పనిని క్షణమాత్రము నిలిపి, పిలిచినదానికి సమాధానము చెప్పి, మరల తన పనికి మరలును.

ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును వెలువరించినప్పుడు, అది ఒక్క ప్రాసెసరుగల యంత్రమునకే యేర్పడినది. 1996లో వెలువడిన 2.0 కూర్పుతో పెక్కు ప్రాసెసర్లను నడుపు శక్తి దానికి కలిగెను. అప్పుడు క్రొత్త ప్రశ్న పుట్టినది: నలుగురన్నదమ్ములున్న ఇంట తలుపు తట్టినచో లేవవలసినవాడెవడు? ఈ పంపకము సరిగా లేనిచో ఒక్కడే అలసిపోవును. తక్కిన మువ్వురు కూర్చుండి చూచుచుందురు.

నే నెరిగిన యొక కార్యాలయమున ఇట్లే జరిగినది. నాలుగు ప్రాసెసర్ల యంత్రము ప్రతిదినము మధ్యాహ్నమగుసరికి మందగించుచుండెను. పింఛను కొరకు వచ్చిన వృద్ధులు వరండాలో వేచియుండిరి. అధికారులు యంత్రముకడ కూర్చుండు గుమాస్తా కుఱ్ఱవానిని సోమరియని నిందించిరి. క్రొత్త యంత్రము కొనవలెనని కొందరు పట్టుపట్టిరి. లెక్క చూచినవారు మాత్రము లేరు.

ఆ లెక్క యెచ్చట నున్నదందురా? లినక్సునందు ప్రాక్ అను అరలో ఇంటరప్ట్స్ అను పట్టిక కలదు. అది కరణముగారి చిట్టా వంటిది. ఒక్కొక్క పిలుపునకు ఒక్కొక్క అడ్డువరుస. ఒక్కొక్క ప్రాసెసరునకు ఒక్కొక్క నిలువువరుస. అడ్డువరుస చివర పరికరము పేరు. అందలి అంకెలు యంత్రము మొదలిడినది మొదలు కూడిన మొత్తములు గనుక, ఒకమారు చూచిన చాలదు. పది సెకండ్ల యెడమున రెండుమారులు చూచి భేదము తీయవలెను. అట్లు తీయగా, డిస్కు పిలుపులును, నెట్‌వర్కు కార్డు పిలుపులును మొదటి ప్రాసెసరు క్రిందనే పెరుగుచుండెను. పిలుపులను పంచిపెట్టెడి ఐఆర్‌క్యూబ్యాలెన్స్ అను సేవకుడు ఆగిపోయియుండెను. వానిని మరల నిలిపినంతనే భారము పంచబడినది. కుఱ్ఱవానిపై నింద తొలగినది. క్రొత్త యంత్రపు ఖర్చు మిగిలినది.

సేవకుడు లేకున్నను చేతితో పంచవచ్చును. చాలవరకు పిలుపులకు ఎస్ఎంపీ అఫినిటీ అను పత్రము కలదు. అందు 1 అని వ్రాసిన మొదటి ప్రాసెసరునకు, 2 వ్రాసిన రెండవదానికి, 4 మూడవదానికి, 8 నాలుగవదానికి ఆ పిలుపు చేరును. అయితే సేవకుడు నడచుచున్నచో మనము వ్రాసినదానిని వాడు మార్చివేయవచ్చును. యంత్రము ఆపి మరల మొదలిడినచో ఆ వ్రాత నిలువదు.

రెండవ రోగము ఇంతకంటె చిత్రమైనది. తలుపు తట్టుదురు, తీసి చూచిన నెవ్వరును లేరు. లక్ష పిలుపులలో 99,900కు మించి ఎవ్వరును తమవని యొప్పుకొననిచో, ఎవరును పట్టించుకొనలేదను వాక్యము చిట్టాలో వ్రాసి, కెర్నెల్ ఆ తలుపునకు గడియ వేయును. ఆ తలుపుననే వేరొక పరికరమును వచ్చుచున్నచో, నిరపరాధియగు నదియు వెలుపలనే నిలిచిపోవును. డిస్కు చెడినదని మన మనుకొందుము. చెడినది దాని పొరుగువాడు!

ఇట్టిచోట అడ్డువరుస చివర నెన్ని పేర్లున్నవో మొదట చూడుడు. సందేహము కలిగిన కార్డును వేరొక స్థానమున నుంచుడు. దాని డ్రైవరును, బయాసును క్రొత్త కూర్పునకు మార్చి చూడుడు. ఎంఎస్ఐ అను పద్ధతి నెరిగిన పరికరమైనచో దానికి స్వంత పిలుపే యుండును గనుక పొత్తు తగవు తప్పును. ఐఆర్‌క్యూపోల్ అను ఆజ్ఞతో యంత్రమును మొదలిడిన, ఒక పిలుపు నెవ్వరును ఒప్పుకొననప్పుడు తక్కినవారి నందరిని అడిగి చూచును. కాని వేగము తగ్గును. అది ఉపశమనమే గాని చికిత్స గాదు.

ఎప్పుడును ఒకమారు ఒక్కదానినే మార్చుడు. రెండు మందులు కలిపి యిచ్చిన వైద్యునికి, రోగము దేనివలన కుదిరినదో తెలియదు గదా! ఊరిలో తగవు తీర్చునప్పుడు మీరు ఇరుపక్షముల మాటయు, చిట్టాయు చూచియే తీర్పు చెప్పుదురు. యంత్రమునకును ఆ న్యాయమే చెల్లును. దానికడ పనిచేయు మనుష్యునకు అంతకంటెను చెల్లవలెను.