ప్రాణవాయువునకును మితము గలదు



గడచిన సంవత్సరము నార్కట్‌పల్లిలోని మా తమ్మునకు ఊపిరితిత్తిలో గడ్డ యేర్పడి శస్త్రచికిత్స చేయవలసి వచ్చినది. ముందునాడు నేను వైద్యునితో, “అయ్యా, వానికి ప్రాణవాయువును పుష్కలముగా నిండు” అని వేడుకొంటిని. ఆయన నవ్వి, “పంతులుగారూ, చెరువు క్రింది వరిమడిని చూచితిరి గదా! ఎండినను పైరు చెడును, మునిగినను చెడును” అనెను.

ఆ మాటలోని మర్మమును మీకు విన్నవింతును. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు మాత్రమే. ఇట్టి చికిత్సలో రోగికి మత్తుమం దిచ్చి, రెండు దారులు గల గొట్టమును గొంతు ద్వారా దింపి, కోయవలసిన ఊపిరితిత్తికి గాలి నిలిపి, రెండవదానిచేతనే శ్వాస నడిపింతురు. అప్పుడు కొంత రక్తము నిలిచిన ఊపిరితిత్తిగుండ పోయి, ప్రాణవాయువును గ్రహింపకయే మరలివచ్చును. కావున కొరత భయము గలదు. అట్లని మితిమీరి యిచ్చినచో, ఆ వాయువే ఊపిరితిత్తి కణములను క్షోభపెట్టి శోథమును, అనగా లోపలి వాపును, పుట్టించును. నిలిపినదానిని మరల నుబ్బించునపుడును అట్టి క్షోభ కలుగవచ్చును. అందుచేత చిన్నచిన్న ఊపిరు లిచ్చుచు, వ్రేలికి తొడిగిన పరికరము చూపు అంకెను బట్టి ప్రాణవాయువును హెచ్చించుచు తగ్గించుచు నుందురు. 2020లో మహమ్మారి వచ్చినపుడు మన యూళ్లలోను ఆ పరికరమును చూచితిమి.

మత్తులో నున్నవాని శ్వాసను కనిపెట్టు విద్య మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1888, 1889 సంవత్సరములలో ఎడ్వర్డు లారీ యను వైద్యుడు, నిజాము ప్రభుత్వపు పోషణతో, హైదరాబాదులో క్లోరోఫారమును గూర్చి రెండు పరిశోధన సంఘములను నడిపెను. మత్తు హెచ్చినపుడు మొదట ఆగునది శ్వాసయే, గుండె కాదు; కావున శ్వాసనే కనిపెట్టవలెనని వారి తీర్పు. తేలిక మత్తులో గుండెయే ముం దాగవచ్చునని 1911లో లెవీ యను ఆంగ్ల వైద్యుడు నిరూపించెను. ఒక్క సూత్రమును పట్టుకొని తక్కినవానిని మరచుట ప్రమాదమని దీనివలన తెలియుచున్నది. ఎక్కువ యిచ్చిన ఎక్కువ మేలనుకొన్న నా తప్పును అట్టిదే.

ఇంకొక సంగతి. బీడీలు త్రాగుదువా యని వైద్యు డడుగగా మా తమ్ముడు తల అడ్డముగా నూపెను. ముప్పది యేండ్ల యలవాటును నేనే చెప్పవలసివచ్చినది. పొగ త్రాగువాని ఊపిరితిత్తులలో వాపు ముందే యుండును. అది తెలియక వైద్యుడు మితము నెట్లు నిర్ణయించును? చికిత్స కొన్ని వారములు వెనుకకు జరిపి, బీడీ మాన్పించిరి. నేడు మా తమ్ముడు చెరువుగట్టు దాక నడచి వచ్చుచున్నాడు.

పెద్దలారా, మీ యింట ఎవరికైన ఇట్టి యవసరము వచ్చినచో, పొగ యలవాటును దాచకుడు, ముందుగనే మాన్పింపుడు. ప్రాణవాయువు ఎంత యన్నది వైద్యునికి విడువుడు. సెలవు.